ట్రాక్‌పాయింట్ మధ్య బటన్: వెబ్ చదువరి దీర్ఘకాల సమీక్ష

థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ కీబోర్డులో జీ, హెచ్, బీ కీల నడుమ ఉండే చిన్న ఎర్ర బొడిపెను (వేలితో నెట్టి కర్సర్‌ను కదిలించే దీని పేరే ట్రాక్‌పాయింట్), స్పేస్‌బార్ కింద ఉండే మూడు బటన్లను కొన్నేళ్లుగా మౌస్ అవసరం లేకుండా వాడుతున్నాను. ట్రాక్‌పాయింట్ గురించి రాసేవారు ఎక్కువగా బొడిపె గురించే రాస్తారు. వెబ్‌లో గంటల కొద్దీ చదివేవారికి మాత్రం దీని అసలు బలం మధ్య బటన్‌లో ఉందని, దాన్ని సరిగా అమర్చుకోని పక్షంలో మామూలు టచ్‌ప్యాడే నయమని నా అభిప్రాయం.

ఐబీఎంలో టెడ్ సెల్కర్ రూపొందించిన ఈ పరికరం 1992లో థింక్‌ప్యాడ్ 700సీతో వినియోగదారుల చేతికి వచ్చింది. చూడటానికి జాయ్‌స్టిక్‌ను తలపించినా, బొడిపె నిజానికి దాదాపు కదలదు. వేలు దాన్ని ఎటువైపు, ఎంత బలంగా నెడుతున్నదో అడుగున ఉన్న సెన్సర్లు కొలిచి, ఆ ఒత్తిడిని బట్టి కర్సర్ వేగాన్ని నిర్ణయిస్తాయి. మధ్య బటన్‌ను బొటనవేలితో నొక్కి ఉంచి బొడిపెను నెట్టినప్పుడు ఇదే సూత్రం స్క్రోల్‌కు వర్తిస్తుంది. టచ్‌ప్యాడ్ మీద పొడవైన పేజీ చదవాలంటే వేళ్లను పదేపదే ఎత్తి మళ్లీ జరపాలి. ఇక్కడ వేలు ఎత్తే పనే లేదు. ఒత్తిడి కొద్దిగా ఉంటే పేజీ చదివే వేగంతో సాగుతుంది, పెంచితే పరుగెత్తుతుంది. ఈ సౌకర్యానికి అలవాటుపడ్డాక మౌస్ చక్రం గతుకుల బండిలా అనిపిస్తుంది.

చిక్కల్లా ఆ బటన్‌కే రెండో ఉద్యోగం ఉండటం వల్ల వస్తుంది. లింకు మీద మధ్య క్లిక్ చేస్తే అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, ట్యాబ్ మీద చేస్తే ఆ ట్యాబ్ మూసుకుంటుంది. బటన్ నొక్కిన క్షణంలో మన ఉద్దేశం స్క్రోలా, క్లిక్కా అన్నది డ్రైవర్‌కు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు) తెలిసే వీలు లేదు కనుక అది వేచి చూస్తుంది: ఈలోగా బొడిపె మీద ఒత్తిడి పడితే స్క్రోల్‌గా, పడకుండా బటన్ వదిలితే క్లిక్‌గా లెక్కిస్తుంది. కాబట్టి లింకు తెరిచేటప్పుడు చూపుడు వేలిని బొడిపె మీద బరువుగా ఆనించకుండా ఉండటం నేర్చుకోవాలి. విండోస్‌లో కొన్ని పాత డ్రైవర్లు స్క్రోల్‌ను ఎంచుకోగానే మధ్య క్లిక్‌ను పూర్తిగా తీసేస్తాయి. అలాంటి డ్రైవర్‌తో ఈ పరికరం సగం విలువ పోయినట్టే.

లినక్స్‌లో మౌస్, టచ్‌ప్యాడ్ వంటివాటిని సంభాళించే లిబ్‌ఇన్‌పుట్ అనే సాఫ్ట్‌వేర్ ఈ రెండు పనులనూ మొదటి నుంచే చక్కగా సర్దుతుంది. బటన్‌ను నొక్కి పట్టుకోనవసరం లేకుండా ఒకసారి నొక్కి వదిలితే స్క్రోల్ స్థితిలోనే ఉంచే లాక్ సదుపాయం కూడా అందులో ఉంది. బొటనవేలు నొప్పి ఉన్నవారికి అది మేలు చేయవచ్చు గానీ, మధ్య క్లిక్‌తో వరుసగా లింకులు తెరిచే నాలాంటివారికి అడ్డమే అవుతుంది. లినక్స్‌లో తెర మీది విండోలను నడిపే వ్యవస్థలు రెండు: పాత ఎక్స్11, కొత్త వేలాండ్. ఎక్స్11 వాడేవారు ఎక్స్ఇన్‌పుట్ ఆదేశంతో వీటిని అప్పటికప్పుడు మార్చి చూడవచ్చు. వేలాండ్‌లో ఆ దారి పనిచేయదు, డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌నే ఆశ్రయించాలి. లినక్స్‌లో మధ్య క్లిక్‌కు మూడో పని కూడా ఉంది: ఎంపిక చేసి ఉన్న పాఠ్యాన్ని కర్సర్ ఉన్న పెట్టెలో అతికించడం. ఫారం నింపుతూ పేజీ జరపబోయినప్పుడు ఎక్కడిదో వాక్యం వచ్చి పడకుండా ఉండాలంటే, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో అబౌట్ కాన్ఫిగ్ (చిరునామా పట్టీలో about:config అని కొడితే వచ్చే లోతైన సెట్టింగ్స్) పేజీ తెరిచి మిడిల్‌మౌస్ డాట్ పేస్ట్ (middlemouse.paste) అనే అమరికను ఫాల్స్‌గా మార్చడం ఉత్తమం.

స్క్రోల్ వేగాన్ని కూడా నేను బ్రౌజర్‌లోనే తగ్గించాను. అదే పేజీలో మౌస్‌వీల్ డాట్ డిఫాల్ట్ తరగతిలో నిలువు స్క్రోల్‌కు సంబంధించిన డెల్టా మల్టిప్లయర్ (స్క్రోల్ వేగాన్ని పెంచే, తగ్గించే సంఖ్య) సహజంగా 100గా ఉంటుంది. 60 దగ్గర నా చదువు వేగానికి పేజీ చక్కగా సరిపోయింది. దీనివల్ల ఎప్పుడైనా తగిలించే మౌస్ చక్రమూ నెమ్మదిస్తుందని ముందే తెలుసుకోవాలి. ఆల్ట్ కీ నొక్కి స్క్రోల్ చేస్తే వెనుకటి, ముందటి పేజీలకు వెళ్లే ఏర్పాటు కూడా ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. చక్రాన్ని మెట్టు మెట్టుగా తిప్పేవారికి అది బాగానే ఉంటుంది గానీ, ధారగా సాగే ఈ స్క్రోల్‌తో ఒక్క ఊపులో నాలుగైదు పేజీలు వెనక్కి పోవచ్చు; దాని విలువను సున్నా చేసి వదిలేశాను.

కుడి బటన్‌ను వెనుక పేజీ బటన్‌గా మార్చుకునేవారూ ఉన్నారు. ఎక్స్11లో 8, 9 సంఖ్యల బటన్లు వెనక్కి, ముందుకు వెళ్లడానికి వాడుకలో ఉన్నాయి కనుక ఇది తేలికే. అయితే కుడి క్లిక్ మెనూను వదులుకోవడం నాకు నష్టంగా తోచింది. చేతులు ఎలాగూ కీబోర్డు మీదే ఉంటాయి కాబట్టి ఆల్ట్, ఎడమ బాణం కీలే చాలు. స్క్రోల్ దిశను తలకిందులు చేసే నేచురల్ స్క్రోలింగ్ టచ్‌ప్యాడ్‌కు పరవాలేదు గానీ, కిందికి నెడితే పేజీలో పైభాగానికి వెళ్లడం బొడిపెకు నప్పదు.

లోపాలు లేకపోలేదు. బొడిపెను ఒకే దిశలో స్థిరంగా చాలాసేపు నెడుతూ ఉంటే నియంత్రణ చిప్ ఆ ఒత్తిడినే సున్నాగా భావించడం మొదలుపెడుతుంది. వేలు తీయగానే కర్సర్ దానంతట అదే ఎదురు దిశలో జారుతుంది. నెమ్మదిగా స్క్రోల్ చేస్తూ చదివేవారికే ఇది ఎక్కువగా ఎదురవుతుంది. కొన్ని క్షణాలు ముట్టుకోకుండా ఉంటే సర్దుకుంటుంది. మధ్య మధ్య వేలు సడలిస్తే అసలు రాదు. పటాలను రెండు వేళ్లతో పెద్దవిగా, చిన్నవిగా చేసే పని దీనితో కాదు, దానికి టచ్‌ప్యాడే కావాలి. ఇక యంత్రం ఎంచుకునేటప్పుడు విడి బటన్లు ఉన్నాయో లేదో చూడాలి: 2013 నాటి థింక్‌ప్యాడ్ టీ440 వంటి నమూనాల్లో బటన్లను టచ్‌ప్యాడ్‌లోనే కలిపేశారు, 2015లో టీ450తో అవి తిరిగి విడిగా వచ్చాయి.

బొడిపె మీది రబ్బరు టోపీ అరిగిపోయేదే. నున్నబడిన టోపీ మీద వేలు జారి, ఎక్కువ బలం పెట్టాల్సి వచ్చి, వేలికొన నొప్పి పెడుతుంది. అంచు ఎత్తుగా, నడుమ పల్లంగా ఉండే రకం తక్కువ ఒత్తిడితోనే పట్టు ఇస్తుంది కనుక స్క్రోల్‌కు నేను దాన్నే ఇష్టపడతాను. కొత్త పలుచని యంత్రాలకు పాత ఎత్తైన టోపీలు సరిపోవని గుర్తుంచుకొని కొనాలి. టోపీ రకం మారినప్పుడు సెన్సిటివిటీనీ మళ్లీ ఒకసారి సరిచూసుకోవాల్సి ఉంటుంది.