ర్యామ్, ఎస్‌ఎస్‌డీ నేనే మార్చుకున్న ల్యాప్‌టాప్: వారంటీ మూడేళ్లూ వాడాక

ల్యాప్‌టాప్ వెనక మూత ఇప్పితే వారంటీ పోతుందని మా అనంతపురంలో ఏ షాపులో అడిగినా చెప్తారు. మూడేళ్ల వారంటీలో ఎక్కువ కాలం ఇప్పిన ల్యాప్‌టాప్‌తోనే గడిపాను. నేను చూసినంతలో వారంటీ పోదు, ముక్కలవుతుంది. కంపెనీ బిగించిన భాగాలకు కంపెనీ, మనం కొని పెట్టిన వాటికి వాటిని తయారుచేసినవాళ్లు బాధ్యులు. మన చేతుల్లో విరిగిన వాటికి మాత్రం మనమే.

నాది పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని. 2021లో కొన్న ఈ ల్యాప్‌టాప్‌లో రైజెన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ), 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) ఉండేవి. కంపెనీ ఏడాది వారంటీ ఇస్తే, డబ్బు కట్టి ఇంకో రెండేళ్లు పొడిగించుకున్నాను. ఫొటోషాప్‌లో 12×36 అంగుళాల షీట్లు నాలుగైదు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదిలేది కాదు.

ఇప్పే ముందు ఒక పని చేశాను. కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి మెయింటెనెన్స్ మాన్యువల్ దించుకున్నాను. అందులో కస్టమరే మార్చుకోదగ్గ భాగాల జాబితాలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఏ స్క్రూ ముందు తీయాలో, బ్యాటరీ కనెక్టర్ ఎప్పుడు ఊడదీయాలో బొమ్మలతో సహా ఇచ్చారు. అన్ని కంపెనీలూ ఇలా ఇవ్వవు. కొన్ని మోడళ్లకు స్క్రూ మీద స్టిక్కర్ ఉంటుంది, అది చిరిగితే వాదన మొదలవుతుంది. కొనేముందే చూసుకోవాల్సిన సంగతి ఇది.

నా 8 జీబీ ర్యామ్‌లో 4 మదర్‌బోర్డుకే (అన్ని భాగాలూ కలిసే ప్రధాన బోర్డు) అతికించి ఉంది, తీయలేం. స్లాట్‌లో ఉన్న 4 తీసి 16 జీబీ డీడీఆర్4 రకం ర్యామ్ పెట్టాను, మొత్తం 20 అయింది. ఎస్‌ఎస్‌డీ స్థానంలో 1 టీబీ (టెరాబైట్) ఎన్‌వీఎంఈ, అంటే వేగంగా పనిచేసే రకం ఎస్‌ఎస్‌డీ, వేశాను. రెండూ బెంగళూరు ఎస్.పీ. రోడ్డులో కొన్నాను. అక్కడ బిల్లు లేకుండా తీసుకుంటే ధర తగ్గిస్తామంటారు, ఆశపడొద్దు. క్రూషియల్, కింగ్‌స్టన్ లాంటి కంపెనీల ర్యామ్‌కు పరిమిత జీవితకాల వారంటీ, మంచి ఎస్‌ఎస్‌డీకి అయిదేళ్ల వారంటీ ఉంటుంది. ఆ బిల్లు పోగొట్టుకుంటే ఈ ముక్క వారంటీకి దిక్కులేదు. ఎస్‌ఎస్‌డీకి ఇంకో మెలిక ఉంది: ఏళ్లతో పాటు ఎన్ని టెరాబైట్లు రాశామన్న హద్దు కూడా ఉంటుంది. రెంటిలో ఏది ముందు దాటితే వారంటీ అక్కడికి సరి. నా వాడకానికి ఆ హద్దు చాలా దూరం.

పనిలో తేడా వెంటనే తెలిసింది. ఇప్పుడు షీట్లన్నీ తెరిచిపెట్టి పక్కన పాటలు కూడా పెట్టుకుంటాను.

రెండో ఏడాది చివర్లో ఒకరోజు అసలు ఆన్ కాలేదు. ఉన్నదున్నట్టు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఇంజనీర్ మూత తీసి 16 జీబీ ర్యామ్ చూడగానే, "మీరే ఇప్పినారా సార్? అయితే వారంటీ రాదు, బోర్డుకు డబ్బులు కట్టాల" అన్నాడు. చెప్పిన ధర ల్యాప్‌టాప్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. సరే, వారంటీ రాదన్న మాట కాగితం మీద రాసివ్వమన్నాను. "మాకు పైనుంచి అట్లే చెప్పినారు సార్" అన్నాడే గానీ రాసివ్వలేదు. ఆ కుర్రాడిదేం తప్పులేదు, పాపం.

ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టాను. మాన్యువల్‌లోని ఆ పేజీ, రెండు బిల్లులు, లోపలి ఫొటోలు జతచేశాను. అడిగింది ఒక్కటే: నేను పెట్టిన ర్యామ్ వల్లే బోర్డు పోయిందని మీరు చూపించగలరా? కొన్నాళ్లకు జవాబు వచ్చింది, పాత భాగాలు బిగించి ఇవ్వండి అని. బోర్డు ఉచితంగానే మార్చారు. అంతకుముందు కాలిన మచ్చలు, తెగిన రిబ్బన్ కేబుల్, అరిగిన స్క్రూలు ఉన్నాయేమోనని బాగా వెతికారు. అసలు పేచీ అక్కడే. నిబంధనల్లో వారంటీ వర్తించదని చెప్పేది మూత ఇప్పడం గురించి కన్నా, ఇప్పినప్పుడు జరిగే నష్టం గురించే.

వేరే కంపెనీ భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనకూడదని యూట్యూబ్ వీడియోల్లో చెప్పే మాగ్నసన్ మాస్ చట్టం 1975 నాటి అమెరికా చట్టం, ఇక్కడ సర్వీస్ సెంటర్‌లో దాని పేరెత్తితే నవ్వుతారు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 1915 హెల్ప్‌లైన్. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ (కంపెనీల రిపేరు సమాచారం ఒకచోట పెట్టే సైట్) కూడా తెచ్చింది. నాకు అంతదాకా పోయే అవసరం రాలేదు.

పాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మేయకుండా డబ్బాలో దాచడం ఇక్కడ అక్కరకొచ్చింది. పాత ఎస్‌ఎస్‌డీతో ఇచ్చాను కాబట్టి కస్టమర్ల పెళ్లి ఫొటోలు ఎవరి చేతిలోనూ పడలేదు. కాకపోతే కొత్త బోర్డుకు నా 1 టీబీ తగిలించగానే బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ అడిగింది. తాళం ఉండేది పాత బోర్డు చిప్‌లో కదా. మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి తీసి ముందే ప్రింట్ పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, ఆ కీ ఎక్కడా లేకపోతే డేటా మొత్తం పోయినట్టే.

ఇంకో మాట. మా ఊరి ఆషాఢం గాలికి ఎర్రదుమ్ము ఫ్యాన్‌లోకి దూరుతుంది, వారంటీ ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి ఇప్పి బ్రష్‌తో దులపాల్సిందే. బ్యాటరీ, స్క్రీన్ జోలికి మాత్రం నేను పోలేదు. ఉబ్బిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మండుతుంది.

ఇప్పుడు పలుచటి మోడళ్లలో ర్యామ్ మొత్తం బోర్డుకే అతికించి వస్తోంది. వాటిలో పెంచుకోవడమన్న ప్రశ్నే లేదు, కొనేటప్పుడే 16 జీబీ తీసుకోవాలి. స్లాట్ ఉన్న మోడలైతే 8 జీబీతో కొని, మిగిలిన డబ్బుతో పొడిగింపు వారంటీ తీసుకోమని మా వీధిలో అడిగినవాళ్లకు చెప్తున్నాను.