ఐనాచురలిస్ట్ యాప్: అండమాన్ చెట్టుపాము విషయంలో ఎంతవరకు నమ్మొచ్చు?

పెరట్లో జామకొమ్మ మీద కంచురంగు వీపుతో సన్నటి, పొడుగాటి పాము కనబడిందా? కర్ర వెతక్కండి, ఫోన్ తీయండి. అండమాన్ దీవుల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ మాట గట్టిగానే చెబుతాం. అది అండమాన్ బ్రాంజ్‌బ్యాక్ కావచ్చు. 1871లో ఆండర్సన్ పేరు పెట్టిన ఈ పాముకు విషం లేదు. పగటిపూట తిరుగుతూ కప్పల్నీ బల్లుల్నీ తింటుంది. ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఫొటో పెడితే అది ఏ జీవో సూచించి, చూసిన చోటుతో సహా నమోదు చేసుకునే ఈ యాప్ ఉచితం. డెండ్రెలాఫిస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకా చక్కగానే పట్టిస్తుంది, చిక్కంతా ఆ తర్వాతే. మన ఊళ్లలో కనిపించే ట్రిస్టిస్, ఆగ్నేయాసియాలోని పిక్టస్, నికోబార్‌లోని హుమాయుని, అన్నీ దీనికి దగ్గరి చుట్టాలే. సూచనల్లో మొదట వచ్చిందని ట్రిస్టిస్ నొక్కేయకండి. దొరికిన చోటు చూడండి, అనుమానం తీరకపోతే ప్రజాతి పేరు దగ్గరే ఆపండి. కనీసం ఇద్దరు గుర్తించి, మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి అంటేనే నమోదుకు పరిశోధన స్థాయి, అంటే పరిశోధనకు పనికొస్తుందన్న గుర్తు, దక్కుతుంది. తొందరపడి పెట్టిన తప్పు పేరును దించడానికి ఇంకా ఎక్కువమంది రావాలి.

ఒక్క ఫొటో చాలదు. తల పక్కనుంచి ఒకటి తీయండి: కంటి మీదుగా పోయే నల్లచార, పైపెదవి పొలుసులు స్పష్టంగా కనబడాలి. నడుము దగ్గర ఇంకొకటి, మొత్తం ఒళ్లు పట్టేలా మరొకటి. రెండు మూడు మీటర్ల దూరం నుంచి జూమ్ చేస్తే సరిపోతుంది. మెడ ఉబ్బించినప్పుడు పొలుసుల మధ్య నీలం కనబడితే అదీ తీయండి. దానికోసం మాత్రం పామును రెచ్చగొట్టొద్దు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పెడితే తేదీ, చోటు వివరాలు పోతాయి. తీసిన ఫోన్ నుంచే ఎక్కించండి. ఇంటి చిరునామా బయటపడకూడదని చోటును మసకబరిస్తే, యాప్ 0.2 డిగ్రీల గడిలో, అంటే సుమారు 22 కిలోమీటర్ల పరిధిలో, ఎక్కడో ఒక చుక్క పెడుతుంది. అంత సన్నటి దీవుల్లో ఆ చుక్క సముద్రంలో పడొచ్చు, కంగారు పడకండి. అసలు చోటు యాప్ దగ్గర భద్రంగానే ఉంటుంది.

నమోదుకు ఐదుకు నాలుగు ఇస్తాం. ప్రాణాపాయం తేల్చుకోవడానికి సున్నా. అక్కడి చెట్ల మీద విషమున్న అండమాన్ పిట్ వైపర్ కూడా తిరుగుతుంది. కాటు పడితే యాప్ తెరవొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.