పిట్టల కోసం వెళ్తే గడ్డి లెక్కపెట్టించారు: అమీన్‌పూర్ చెరువు దగ్గర ఒక్కరోజు వర్క్‌షాప్

పోయిన ఆదివారం మా పెద్దమ్మాయిని తీసుకుని హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దగ్గర ఒక్కరోజు వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాను. మన చుట్టూ ఉన్న మొక్కల్ని, జీవాల్ని పద్ధతిగా లెక్కించడం నేర్పుతామన్నారు, మనిషికి 700. ఎంతైనా 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు కదా, నాలుగు పిట్టల్ని చూసి ఫొటోలు తీసుకుని వచ్చేద్దాం అనుకున్నా. వాళ్లేమో పదకొండింటి దాకా గడ్డి లెక్కపెట్టించారు. నా డబ్బులు వసూలైంది కూడా అక్కడే.

మీటరు పొడవు పీవీసీ పైపులు నాలుగు కలిపిన చట్రం ఇచ్చారు, క్వాడ్రాట్ అంటారట. నేను పోయి పచ్చగా పూలున్న చోట వేశా. సారు నవ్వి తీయించేశారు. బాగున్న చోటే వేస్తే గట్టంతా బాగున్నట్టే లెక్క తేలుతుందని, టేపు పరిచి పది మీటర్లకొకటి, కింద ఏముంటే అదే రాయమన్నారు. అలా పది చోట్ల వేస్తే వయ్యారిభామ ఎనిమిదింట్లో, గరిక ఆరింట్లో, గడ్డిచామంతి మూడింట్లో వచ్చాయి. నీళ్ల వైపు వెళ్లేకొద్దీ తుంగ.

పిట్టల లెక్క వేరు. ఒకేచోట పది నిమిషాలు కదలకుండా నిలబడి, చూసినవీ విన్నవీ సంఖ్యతో సహా రాయాలి, ఏదీ కనపడకపోయినా ఆ పది నిమిషాలూ లెక్కలోకే వస్తాయి. తర్వాత అదంతా ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించాం. మెర్లిన్ యాప్ కూతని బట్టి పేరు చెప్పేస్తుంది కానీ, మీరు స్వయంగా గుర్తుపట్టందే జాబితాలో రాయొద్దన్నారు. ఈ ఒక్క మాటతో మా అమ్మాయి జాబితా పద్నాలుగు నుంచి తొమ్మిదికి పడిపోయింది, పాపం.

అందరికీ నచ్చింది శనగల ఆట. గిన్నెలోంచి 40 గింజలు తీసి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి మళ్లీ కలిపేశాం. ఈసారి 50 తీస్తే పదింటికి చుక్కలున్నాయి. 40ని 50తో గుణించి 10తో భాగిస్తే 200, గిన్నెలో మొత్తం అన్ని గింజలున్నాయని అంచనా అన్నమాట. గిన్నె బోర్లించి ఒక్కొక్కటీ లెక్కపెడితే 187! చేపల్ని, ఎలకల్ని పట్టి గుర్తు పెట్టి వదిలేసి అంచనా వేసేదీ ఇదే లెక్కతోనట. మధ్యలో కొన్ని చచ్చినా, వలసపోయినా లెక్క తప్పుతుందని కూడా చెప్పారు.

ఇక తిట్లు. ఆరింటికి రమ్మని ఏడుంబావుకి మొదలుపెట్టారు, అప్పటికే ఎండెక్కి పిట్టలు సద్దుమణిగాయి. ఇరవై ఐదు మందికి నాలుగే బైనాక్యులర్లు, నా వంతు వచ్చేసరికి లకుముకి ఎగిరిపోయింది. గడ్డి రకాల పేర్లు అడిగితే "అదీ ఒక గడ్డేనండీ" అని దాటేశారు, గడ్డి లెక్కే నేర్పేవాళ్లు ఇలా అంటే ఎలా? బాత్‌రూమ్ లేదు, ఆడవాళ్లకి చాలా ఇబ్బంది. పులిహోర మాత్రం బాగుంది. కొత్తగా పెట్టుకున్నవాళ్లు కాబట్టి పేరు రాయట్లేదు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే వెళ్లొచ్చు, చిన్నపిల్లలు విసుక్కుంటారు. ఐదుకి మూడున్నర.

ఇంటికొచ్చాక నాలుగు పైపు ముక్కలు, నాలుగు ఎల్బోలు కొని సొంత చట్రం చేసుకున్నా. నిన్న మా వీధి చివర ఖాళీ స్థలంలో వేసి రాసుకుంటుంటే ఎదురింటాయన వచ్చి అడిగాడు: "ప్లాటు కొలుస్తున్నారా? గజం ఎంత చెప్తున్నారండీ?"