రాజ్యాంగ పాఠాల ఆడియో పేరుతో పాత చింతకాయ పచ్చడి అమ్ముతున్నారు, కొనకండి

యువతకూ పెద్దలకూ రాజకీయ చైతన్యం కలిగిస్తామంటూ నెల రోజులుగా అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ఆ ఆడియో ప్యాకేజీ ఎవరిదో మీకు తెలిసే ఉంటుంది కనుక పేరు రాయడం లేదు. పన్నెండు వందల రూపాయలు పోసి దానిని కొన్న తెలివైనవాణ్ణి నేనే. ముప్పై ఏళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కూడా నేనే.

మా ఊరి శాఖా గ్రంథాలయం వరండాలో ఆదివారం సాయంత్రాలు ఇరవై నాలుగు మందిమి కూర్చుంటాము. చదవడం రానివారు, కళ్లు కనిపించనివారు, వచ్చే ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేయబోయే పిల్లలు అందులో ఉన్నారు కాబట్టి, రాజ్యాంగం చదివి వినిపించే ఆడియో ఉంటే బాగుంటుందని తలా యాభై రూపాయలు వేసుకున్నాము. నమూనాగా పంపిన రెండు నిమిషాల ముక్క విని మోసపోయాను. 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో, జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగు పెడుతున్నామని హెచ్చరించిన భాగం అది. ఎవరో పెద్దాయన గొంతు, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు. డబ్బు కట్టాక వచ్చిన ఫైళ్లను ఆ నమూనా పక్కన పెట్టి వింటే వైరుధ్యమంటే ఏమిటో నాకు ఇంకెవరూ వివరించనక్కర్లేకపోయింది.

వచ్చినదంతా యంత్రం గొంతు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఒక్కసారైనా సరిచూడకుండా యంత్రానికి అప్పగించినట్టున్నారు, పుట సంఖ్యలను కూడా అది వాక్యం మధ్యలో భక్తిశ్రద్ధలతో చదివేసింది. పౌరులందరికీ, నూట పన్నెండు, హక్కు కలదు అని స్పీకరు పలికితే, మన హక్కులు నూట పన్నెండా మాస్టారూ అని ఒక పెద్దాయన అడిగాడు. అంతవరకు నవ్వుకున్నాము.

326వ అధికరణం దగ్గర నవ్వు ఆగిపోయింది. ఓటు హక్కుకు ఇరవై ఒక్క సంవత్సరాలు నిండాలని ఆ గొంతు నిబ్బరంగా ప్రకటించింది. మొన్ననే ఓటరు కార్డు చేతికి వచ్చిన పందొమ్మిదేళ్ల అమ్మాయి నా వైపు చూసి, అయితే నాది చెల్లదా మాస్టారూ అని అడిగింది. 61వ సవరణ ఆ వయసును 18కి తగ్గించి, 1989 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చిందని ఆ పిల్లకు చెప్పి, నేను మళ్లీ మొదటి నుంచి వినడం మొదలుపెట్టాను. పీఠికలో 1976 నాటి 42వ సవరణ చేర్చిన సామ్యవాద, లౌకిక అన్న మాటలు లేవు. 1978 నాటి 44వ సవరణ ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి 300ఎ అధికరణంలో పెట్టిన ఆస్తి హక్కు ఇంకా ప్రాథమిక హక్కుగానే కూర్చుని ఉంది. రోడ్డు కోసం పొలం కొలతలు జరుగుతున్న ఒక రైతు దానిని విని అప్పటికే ధైర్యం తెచ్చుకున్నాడు. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ జాడే లేకపోవడంతో, మహిళలకు కేటాయించిన స్థానంలో గెలిచిన మా వార్డు సభ్యురాలు తన సంగతి ఎప్పుడొస్తుందా అని చివరిదాకా కాచుకుని కూర్చుంది. దాదాపు యాభై ఏళ్ల నాటి రాజ్యాంగాన్ని తాజా సంచిక అని అమ్మారన్న మాట. ఇరవై నాలుగు మందిని పిలిచే ముందు నేను ఒక్కడినే కూర్చుని ఒక గంట విని ఉంటే ఈ భాగోతం జరిగేది కాదు. దానికి బద్ధకించినది నేనే.

అక్కడి నుంచే ఆ ప్యాకేజీ అమ్మినవాడికి ఫోను చేశాను, అందరూ వినాలని స్పీకరులో పెట్టాను. అది రెండో తెలివితక్కువతనం. తప్పులు ఒక్కొక్కటిగా చెబుతుంటే, సగంలో ఆపి, పన్నెండు వందలకు అంబేడ్కరే లేచి వచ్చి చదవాలా అంకుల్ అన్నాడు. నమూనాలో చదివిన మనిషి ఏమయ్యాడని అడిగితే అది శాంపిల్ కదా అన్నాడు. ఓటు వయసు తప్పు చెబితే పిల్లలు నమ్ముతారయ్యా అన్నాను. పద్దెనిమిదైతే ఏంటి, ఇరవై ఒకటైతే ఏంటి, మీ ఊళ్లో వాళ్లు డబ్బులు తీసుకుని వేసేవాళ్లేగా అని నవ్వి ఫోను పెట్టేశాడు.

వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తన పింఛనులోంచి యాభై రూపాయల నోటు తీసి ఇచ్చిన అవ్వ, ఆ అబ్బాయి ఏమన్నాడని పక్కవారిని అడిగింది. ఎవరూ చెప్పలేదు. పోయిన డబ్బు గురించి ఇంత రాయవలసిన పని లేదు కానీ, ఆ నవ్వు నా చెవిలోంచి పోవడం లేదు. రాజకీయ చైతన్యం అమ్ముకునేవాడికి ఓటరంటే ఉన్న గౌరవం ఇదీ! ఆ రాత్రే వారి వాట్సాప్ గ్రూపులో ఈ తప్పుల పట్టిక పెట్టాను, పది నిమిషాల్లో నన్ను తొలగించారు.

ఎవరి యాభై వారికి ఇచ్చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, చెల్లింపు రసీదు, నమూనా ఫైలు, 326వ అధికరణం ఉన్న ఫైలు దాచి ఉంచాను. మీలో ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే మీరూ ఫిర్యాదు చేయండి. ఇలాంటివి ఇంకెవరి దగ్గర కొనవలసి వచ్చినా, వారు పంపిన నమూనా కాకుండా మీరు కోరిన అధికరణాన్ని వినిపించమని అడగండి, ఓటు వయసు ఎంతని చెబుతుందో వినండి. సవరణలన్నీ చేర్చిన ఇంగ్లీషు పాఠం కేంద్ర శాసన విభాగం వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. వచ్చే ఆదివారం నుంచి దానిని దగ్గర పెట్టుకుని, తెలుగులో చెబుతూ నేనే చదువుతాను, గొంతు అంత బాగుండదు.