ఆటిజం "పూర్తిగా తగ్గిస్తాం" ప్యాకేజీ అంటే డబ్బులు కట్టకండి, మేం కట్టి మోసపోయాం

పాలకొల్లు, నరసాపురం, అటు రాజోలు వైపు ఆటిజం పిల్లలున్న అమ్మానాన్నలందరికీ చెప్తున్నానండి, ఆరు నెలల ప్యాకేజీ, గ్యారెంటీ అని ఎవరైనా అంటే రూపాయి కూడా కట్టకండి. మేం దాళ్వా ధాన్యం డబ్బులు చేతికి రాగానే ఒక థెరపీ సెంటర్‌కి 90 వేలు ఒకేసారి కట్టేశాం. బిల్లు లేదు, తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారంతే.

మా బుల్లోడికి ఐదేళ్ళు. సొంత మాటలు తక్కువే గానీ బస్సులో కండక్టర్ అరిచినవన్నీ ఇంటికొచ్చి అప్పజెప్తాడు, "దిగమర్రు దిగమర్రు" అని. లాకుల దగ్గర నీళ్ళు దూకుతుంటే చూసి రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తాడు, వాడి సంతోషం అదేనండి. సెంటర్‌లో మొదటిరోజే ఆ చేతులాడించడం మాన్పిస్తే సగం తగ్గినట్టే అన్నారు. పెళ్ళిళ్ళలో చుట్టాల చూపులు పడలేక నమ్మేశాం, అది మా తప్పే.

మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. రెండో నెలకల్లా వాడు ఆ వీధి మలుపు తిరగ్గానే స్కూటీ మీంచి దూకెయ్యబోవడం, ఇంటికొచ్చాక మణికట్టు కొరుక్కోవడం. ఓరోజు కిటికీ సందులోంచి చూశాను. ఒకామె వాడి చేతులు బల్లకి అదిమిపెట్టింది, ఇంకొకామె గడ్డం పట్టుకుని "నా కళ్ళలోకి చూడు" అంటోంది, పైన ట్యూబ్‌లైటు జుయ్‌మని మోగుతోంది, మావాడికి ఆ చప్పుడే పడదు. అప్పుడే ఎత్తుకొచ్చేశా.

ఒంట్లో విషం తీస్తుందని ఓ పౌడరు కూడా అంటగట్టారు. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నెంబర్ లేదు. పది రోజులు విరోచనాలు. పిల్లల డాక్టర్ గారు చూసి నన్నే తిట్టారు. ఇది విషం వల్లో టీకాల వల్లో వచ్చేది కాదమ్మా, మెదడు ఎదిగే తీరే వేరు, నయం చేసే మందంటూ లేదు అన్నారు. ఆ టీకాల పుకారు 1998లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పేపర్‌దంట, 2010లో ఆ పత్రికే దాన్ని రద్దు చేసేసింది. స్టెమ్ సెల్స్ అని లక్షలు అడిగేవాళ్ళూ ఉన్నారు, అది అసలే వద్దు.

డబ్బులిచ్చే ముందు థెరపిస్టుకి ఆర్‌సీఐ (ఇలాంటి థెరపిస్టుల్ని రిజిస్టర్ చేసే కేంద్ర ప్రభుత్వ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ నెంబర్ ఉందా, మనల్ని లోపల కూర్చోనిస్తారా అడగండి, అక్కడే తేలిపోద్ది. జిల్లా పెద్దాసుపత్రుల్లో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించే కేంద్రం ఉంటుంది, పిల్లల్ని ఫ్రీగా చూస్తారు, ముందు అక్కడికెళ్ళండి. 2016 వికలాంగుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి సదరం సర్టిఫికెట్‌కి అప్లై చెయ్యండి, కేంద్ర ప్రభుత్వ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ అయితే ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చుకీ వస్తుంది. ఇవన్నీ నాకు 90 వేలు పోయాక తెలిశాయి.

ఇప్పుడు గోడకి బొమ్మలు అంటించాం, స్నానం, టిఫిను, స్కూటీ అని వరసగా. తర్వాతేంటో వాడికి ముందే తెలుస్తోంది కాబట్టి పొద్దున్న ఏడుపు చాలా తగ్గింది. ఏదైనా అడిగితే పది లెక్కపెట్టేదాకా ఊరుకుంటున్నాం, అప్పుడు జవాబు వస్తోంది. చేతులాడిస్తే ఆడించనీ.

నిన్న సెంటర్ వాళ్ళు ఫోన్ చేశారు, నలుగురికీ చెప్పడం ఆపితే 20 వేలు వెనక్కి ఇస్తారంట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇచ్చేశానండీ అని చెప్పి పెట్టేశా.