ఆయిల్‌లో కూలెంట్ కలిసిందా? హెడ్ దించే ముందు ఏ పరీక్ష మేలు

డిప్‌స్టిక్‌కి (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) పాలు కలిపిన టీ రంగు ఆయిల్ అంటుకుందంటే చాలా షెడ్లలో ముందు వినిపించే మాట "హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దించాలి". హెడ్ అంటే ఇంజన్ పైభాగం, దానికీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే పల్చటి సీలే గాస్కెట్. షెడ్డు మాటకు వెంటనే ఒప్పుకోవద్దు. ఆయిల్ కూలర్ (ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌తోనే ఆయిల్‌నీ చల్లబరిచే భాగం) లోపల చిల్లు పడినా ఇదే రంగు వస్తుంది, దానికి హెడ్ ముట్టుకునే పనే లేదు. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండి, ఆయిల్ పోసే మూత కింద మాత్రమే తెల్ల నురగ ఉంటే, దగ్గర దూరాలే తిరిగే బండిలో పేరుకున్న తేమ కావచ్చు. కూలెంట్ మట్టం తగ్గుతోందేమో గమనించండి.

ఖర్చు తక్కువని చాలామంది ముందు బ్లాక్ టెస్టర్ పెడతారు. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని నీలం ద్రవం గుండా లాగితే, సిలిండర్‌లో మండిన గ్యాస్ అందులో ఉన్నప్పుడు అది పసుపుగా మారుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, కూలెంట్ మట్టం కాస్త తగ్గించి, తర్వాత స్టార్ట్ చేసి వేడెక్కనివ్వాలి. కూలెంట్ లోపలికి వస్తే ద్రవం పాడవుతుంది. బండి వేడెక్కుతూ, కూలెంట్ పొంగుతూ, ఆయిల్ మాత్రం బాగుంటే ఇదే సరైన పరీక్ష. కానీ ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య లీకుంటే సిలిండర్ గ్యాస్ ఉండదు, ద్రవం నీలంగానే మిగులుతుంది. ఆయిల్ తెల్లబడిన బండికి ఆ నీలం రంగు చూసి గాస్కెట్ బాగుందనుకోవడం పొరపాటు.

అలాంటి బండికి నా ఓటు ప్రెషర్ టెస్టుకే. చల్లని ఇంజన్‌లో రేడియేటర్ మూత తీసి, ఆ చోట గేజ్ ఉన్న చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ప్రెషర్ వరకే (చాలా కార్లలో 1 బార్ అటూఇటూ) పంపు కొట్టి 15–20 నిమిషాలు ఆగాలి. బయట చుక్క కారకుండా గేజ్ ముల్లు దిగితే లీకు లోపలే. ఇంధనం, ఇగ్నిషన్ ఆపేసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, పక్కకు నిలబడి సెల్ఫ్ కొట్టండి. ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే ఆ సిలిండర్‌లోకి లీకు ఉంది. అన్నీ పొడిగా ఉంటే ఆయిల్ చాంబర్ డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. ఆయిల్ కంటే కూలెంట్ బరువు, విడిగా చేరి ఉంటే అదే ముందు వస్తుంది. ఇక అనుమానం ఆయిల్ కూలర్ మీదికి పోవాలి. దాన్ని విప్పి, ఒక వైపు దారులు మూసి, తక్కువ ప్రెషర్‌తో గాలి ఎక్కించి నీళ్లలో ముంచితే బుడగలు చెప్పేస్తాయి.

లీక్‌డౌన్ టెస్టుకు కంప్రెషర్, ఓపిక రెండూ కావాలి. ఒక్కో పిస్టన్‌నూ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి గాలి ఎక్కిస్తే, కూలెంట్ డబ్బాలో బుడగలు రావడాన్ని బట్టి సిలిండర్ దొరుకుతుంది. హెడ్ దించాలని దాదాపు తేలాక ఇది అక్కరకొస్తుంది. సిలిండర్ ఒత్తిడి కొలిచే మామూలు కంప్రెషన్ గేజ్ చిన్న లీకుని పట్టలేదు. పక్కపక్క రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే మాత్రం వాటి మధ్య గాస్కెట్ పోయిందని గట్టి అనుమానం.

దీనికి ఎదురు కేసు, కూలెంట్‌లో ఆయిల్ తేలుతూ డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండటం. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ కూలెంట్ కంటే చాలా ఎక్కువ కాబట్టి ఆయిలే అటు తోసుకుపోతుంది. ముందు ఆయిల్ కూలరే చూడండి. ఆటోమేటిక్ కారులో గులాబీ రంగు నురగ కనిపిస్తే రేడియేటర్‌లోని గేర్ ఆయిల్ కూలర్ పగిలి ఉండొచ్చు. అప్పుడు బండి కదపకుండా టోయింగ్‌కి పిలవండి, గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్లకు నీళ్లు పడవు.

ఏది తేలినా తెల్లబడిన ఆయిల్‌తో స్టార్ట్ చేయొద్దు, బేరింగులు పోతాయి. రిపేర్ అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, కొద్దిసేపు నడిపి మళ్లీ మార్చాలి. కూలెంట్‌లో ఆయిల్ తిరిగి ఉంటే ఉబ్బి మెత్తబడిన రబ్బరు హోసులు కూడా తీసేయండి.