ఆరేళ్లుగా ఇంట్లో ప్లాస్టిక్ కుండీలు: ఏవి నిలిచాయి, ఏవి మొక్కల్ని చంపాయి

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో తూర్పు కిటికీ ఒకటి, వంటింటి వెనక చిన్న వాష్ ఏరియా, ఇంట్లో మొక్కలకు వచ్చే వెలుగంతా అదే. 2019లో ఒక్క మనీ ప్లాంట్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు ఇంట్లో ఇరవై రెండు కుండీలున్నాయి, రెండు తప్ప అన్నీ ప్లాస్టిక్‌వే. మధ్యలో పగిలినవీ, పారేసినవీ, పక్కింటివాళ్లకు ఇచ్చేసినవీ లెక్కలో లేవు.

ముందు నా తప్పు చెబుతాను. నిగనిగలాడే తెల్ల కుండీలు ఆరు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అడుగున చిల్లుల్లేవు. ఫ్లోరింగ్ పాడవదులే, మంచిదే అనుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండానే స్నేక్ ప్లాంట్ మొదలు దగ్గర మెత్తబడి పక్కకు వాలిపోయింది. ఆకు పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది, మురుగు వాసన. పైన మట్టి పొడిగా కనబడుతోందని రోజు విడిచి రోజు గ్లాసుడు నీళ్లు పోశాను. అడుగున మాత్రం చెరువే. దాని వెనకాలే ఆగ్లోనిమా కూడా పోయింది.

మిగిలిన వాటికి చిల్లులు పెడదామని డ్రిల్లు తెచ్చాను. ఆ గట్టి, మెరుపు ప్లాస్టిక్ ఒకటి అప్పడంలా పగిలింది. మెత్తటి ప్లాస్టిక్ అయితే కాల్చిన మేకుతో చిల్లు శుభ్రంగా పడుతుంది. ఆ పొగ మాత్రం ఇంట్లో భరించలేం, బాల్కనీలో చేసుకోవాలి. మిగతా తెల్ల కుండీల జోలికి మళ్లీ డ్రిల్లుతో పోలేదు. నర్సరీ నల్ల కుండీని మొక్కతో సహా వాటిలో దించేశాను. నీళ్లు పోయాల్సినప్పుడు లోపలిదాన్ని బయటికి తీసి, సింకులో పోసి, నీరంతా కారాక మళ్లీ పెడతాను. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అందం కోసం కొన్నవి అందానికే పనికొచ్చాయి.

ఇప్పుడు కుండీ కొనేటప్పుడు మొదట తిరగేసి చూస్తాను. చిల్లుందా లేదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. కొన్నిటికి గుండ్రటి గుర్తులుంటాయి గానీ తెరిచి ఉండవు, మనమే పొడిచి తెరవాలి. అది తెలియక ఒక కుండీని ఏడాది వాడాను. ఇంకొన్నిటికి చిల్లు మధ్యలో కాస్త ఎత్తుగా ఉండి, చుట్టూ అంచు వెంబడి నీళ్లు నిలిచిపోతాయి. చిల్లు అన్నిటికంటే పల్లంలో ఉండాలి, కింద చిన్న కాళ్లుండి గాలి ఆడాలి. చిల్లుల మీద కంకర రాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది చెబుతారు. నేనూ పరిచాను. నిజానికి పైన మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. అంటే తడి ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికే వస్తుంది. పొడుగు మొక్క పడిపోకుండా బరువు కోసమైతే రాళ్లు వేసుకోవచ్చు, దానికి మించి వాటివల్ల ప్రయోజనం లేదు.

సైజు సంగతి. ఆరు అంగుళాల కుండీ అంటే మూతి వెడల్పు. ఎలాగూ పెరుగుతుంది కదా అని పీస్ లిల్లీని ఒకేసారి పది అంగుళాల దాంట్లో పెట్టాను. వేళ్లు చేరని మట్టి వారాల తరబడి తడిగానే ఉండి, చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు హాలంతా ఎగిరాయి. ఇప్పుడు పాత కుండీ కంటే ఒకటి రెండు అంగుళాలు మించనివ్వను.

మా అమ్మ ఎప్పుడొచ్చినా ఒకటే మాట: "ప్లాస్టిక్‌లో మొక్క ఉక్కిరిబిక్కిరవుతుందే, మట్టి కుండీలో పెట్టు." ఆమె అన్నదాంట్లో నిజముంది. మట్టి కుండీ గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది, ప్లాస్టిక్‌లో ఆరదు. కానీ నీళ్లు తక్కువ పోస్తే సరిపోతుంది. పది అంగుళాల మట్టి కుండీని తడి మట్టితో ఎత్తి కిటికీ దగ్గర్నుంచి జరపమంటే మాత్రం నా నడుము ఒప్పుకోదు.

సన్నటి ప్లాస్టిక్ ఎన్నాళ్లుంటుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. నలభై రూపాయల చొప్పున ఒకేసారి పది కొన్నాను. బాల్కనీలో పెట్టిన నాలుగూ రెండు ఎండాకాలాలకే పెళుసుబారి, అంచు పట్టుకుంటే పెంకుల్లా విరిగాయి. లోపల పెట్టిన ఆరూ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాబట్టి ఇంట్లో పెట్టుకునే కుండీకి యూవీ స్టెబిలైజ్డ్ (ఎండకు త్వరగా పెళుసుబారని ప్లాస్టిక్) అని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. బాల్కనీకి మాత్రం పెట్టాల్సిందే. రాజమండ్రిలో పెళ్లికి వెళ్లి, వస్తూ కడియపులంకలో ఒక అరెకా పామ్ తెచ్చుకున్నాను. దాంతో వచ్చిన నల్ల కుండీ నాలుగేళ్లు నిలిచింది. దానికి నేను విడిగా పైసా పెట్టలేదు.

అడుగున నీళ్లు నిలవ ఉంచే సెల్ఫ్ వాటరింగ్ కుండీలు రెండు కొన్నాను. పీస్ లిల్లీకి అద్భుతం. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లొచ్చినా తల వాల్చలేదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్‌లకు మాత్రం వద్దు. ఏడాదిన్నరకు, అడుగు నీళ్లను మట్టిలోకి లాగే వత్తి బిగుసుకుపోయి నీళ్లు పీల్చడం మానేసింది, నైలాన్ తాడు ముక్కతో మార్చాను. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అడుగంతా తెల్లగా గార పడుతుంది. అప్పుడప్పుడు నిమ్మచెక్కతో రుద్దాలి.

కింద పెట్టే ప్లేట్ల గురించి ఒక్కమాట. వాటిలో నీళ్లు వదిలేయకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. వానాకాలంలో ఈ పని మా అబ్బాయికి అప్పగించాను, తిట్టుకుంటూనే చేస్తాడు.

ప్రస్తుతం చూస్తే జెడ్‌జెడ్ కుండీ ఒకవైపు ఉబ్బింది. లోపల దుంపలు బలిసి గోడను నెడుతున్నాయి. ఈ ఆదివారం కత్తెరతో కుండీని నిలువునా కోసి మొక్కను బయటికి తీయాలి. ఎనిమిది అంగుళాలది, నాలుగు చిల్లులున్నది, నిన్ననే తెచ్చి పెట్టాను.